అమ్మమ్మ పిడికిలి ఎన్ని గ్రాములు

పెద్దావిడ పోయిన పదకొండో రోజుకో, సంవత్సరీకానికో ఒక చిన్న పుస్తకం వేయించి బంధువులకు పంచే ఇళ్ళు విజయవాడ, గుంటూరు వైపు కొన్ని ఉన్నాయి. మంచి పనే. కానీ ఆ పుస్తకాలు తెరిస్తే అన్నింట్లోనూ అవే మాటలు: ప్రేమమూర్తి, అన్నపూర్ణ, అందరినీ కడుపులో పెట్టుకుని చూసింది. పేరు మార్చి ఇంకో ఇంటి పుస్తకంలో పెట్టినా అతికిపోతాయి. ఆవిడ నిజంగానే అంత మంచిది అయి ఉంటుంది. ఆ మంచితనం ఏ పూట, ఎవరికి, ఏ గిన్నెతో, ఎంత అన్నది రాయకపోతే మునిమనవలకు మిగిలేది పొగడ్త ఒక్కటే, మనిషి మిగలదు.

అందుకే పుస్తకానికి ఈ వివరాలు రాసిపెట్టుకునే పని ఆవిడ కూర్చుని మాట్లాడగలిగినప్పుడే, చేతులతో పని చేయగలిగినప్పుడే మొదలుపెట్టాలి. అమ్మమ్మకైనా నాయనమ్మకైనా పద్ధతి ఒకటే. ఇక్కడ అమ్మమ్మ అనే రాస్తాను.

ముందు చేతులు. మాటలు ఇంకెవరైనా కొంత చెప్పగలరు. చేతి కొలత మాత్రం ఆవిడతోనే పోతుంది. "కాస్త ఉప్పు", "చేతికి తెలుస్తుందిలే" అనే మాటల వెనక ఒక కచ్చితమైన లెక్క ఉంటుంది. దాన్ని పట్టుకోవడానికి గ్రాము దాకా చూపించే వంటింటి కాటా ఒకటి, ఐదు కిలోలు మోసేది, చాలు. చాలామంది చేసే పొరపాటు ఏమిటంటే, అమ్మమ్మ పిడికిట్లోకి తీసుకున్న ఉప్పును కాటా మీద పోయమనడం. అడగ్గానే ఆ చెయ్యి జాగ్రత్తపడుతుంది, పిడికిలి మారిపోతుంది. చేతిని ఆపకూడదు, డబ్బాను తూచాలి. ఉప్పు డబ్బా ముందు 1,240 గ్రాములు ఉందనుకోండి. ఆవిడ తన పద్ధతిలో తీసి వేసేస్తుంది. డబ్బా మళ్ళీ తూస్తే 1,006. అంటే వేసింది 234 గ్రాములు. కారం, ఆవపిండి, మెంతులు, నూనె టిన్ను అన్నీ ఇలాగే, ముందొకసారి, తర్వాత ఒకసారి. నూనెను గ్రాముల్లోనే రాసుకోండి, ఎందుకంటే లీటరు నువ్వుల నూనె కిలో తూగదు, సుమారు 920 గ్రాములే. ఈ తేడా తెలియక కిలో అని రాసేస్తే జాడీలో లెక్క తప్పుతుంది.

ఆవకాయ రోజు ఈ పని చేయడానికి అన్నిటికంటే మంచి రోజు. కాయ బరువు, కొట్టించాక ముక్క బరువు రెండూ రాయాలి. జీడి, టెంక లోపలి పొర తీసేసి తుడిచాక బరువు తగ్గుతుంది. ఆవిడ కారం కొలిచేది ముక్కకు గాని కాయకు కాదు. ఉప్పు విషయంలో ఇంకో చిక్కు ఉంది. రాళ్ళుప్పు ఎండబెట్టి దంచుకున్నదీ, ప్యాకెట్లో వచ్చే మెత్తటి ఉప్పూ ఒకే సోలతో కొలిచినా ఒకే బరువు ఉండవు, మెత్తటిది ఎక్కువ తూగుతుంది. "సోలెడు ఉప్పు" అని మాత్రమే రాసి పెట్టుకున్న మనవరాలి పచ్చడి ఉప్పుకశం కావడానికి కారణం ఇదే. కారం ఏ మిరపకాయదో, ఆడించిందో దంచిందో కూడా పక్కన రాయాలి.

అన్నిటికంటే ఎక్కువగా తప్పిపోయేది మూడో రోజు లెక్క. జాడీ తెరిచి, పైకి తేలిన నూనెతో సహా అడుగు నుంచి తిరగ కలిపి, ఊట రుచి చూసి అమ్మమ్మ మళ్ళీ కొంచెం ఉప్పో, నూనో వేస్తుంది. మొదటి రోజు అందరూ చుట్టూ చేరి వీడియోలు తీస్తారు, మూడో రోజు ఎవరూ ఉండరు. ఆ రోజు కాటా తీసుకుని పక్కన కూర్చోవాలి. పచ్చడికి బూజు వచ్చిందంటే ముక్క తడి, జాడీ తడి, గరిటె తడి, ఉప్పు తగ్గడం, నూనె ముక్క మునిగేదాకా లేకపోవడం, వీటిలో ఏదో ఒకటి జరిగి ఉంటుంది. చివరి రెండూ మూడో రోజే సరిదిద్దుకోవాలి.

రోజువారీ చారు, పులుసు అయితే ఒక్కసారి తూస్తే సరిపోదు. మూడు వేర్వేరు రోజులు తూచి మూడు అంకెలూ ఉంచండి, సగటు తీయకండి. "నిమ్మకాయంత చింతపండు" ఒకరోజు 22 గ్రాములు, ఇంకోరోజు 30 ఉంటే, పాత పండా కొత్త పండా అని అడగండి. ఆ తేడాలోనే ఆవిడ వంట తెలివి అంతా ఉంది.

పాత కొలతలు వస్తే భయపడకండి. నాలుగు గిద్దెలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. బరువులో మూడు తులాలు పలం, నలభై పలాలు వీశె, అంటే సుమారు 1,400 గ్రాములు. అయితే సోల, మానిక పాత్రలు ఊరికో రకంగా ఉండేవి. పుస్తకంలో లెక్క కంటే ఇంట్లో ఉన్న ఆవిడ సోలే ప్రమాణం. దాన్ని అంచుదాకా నీళ్ళతో నింపి తూచండి. గిన్నె బరువు పోగా ఎన్ని గ్రాములుంటే అన్ని మిల్లీలీటర్లు.

ఇక మంచితనం లెక్క. ఆవకాయ కలిపాక జాడీలు ఎన్నో లెక్కపెట్టండి. ఇంటికి ఏడాదికి కావలసింది ఎంత, ఆవిడ పెట్టింది ఎంత? మధ్యలో ఉన్న ఆ తేడాయే మీరు రాయాల్సింది. చిన్న జాడీ ఒక్కొక్కటీ ఎవరి ఇంటికి, ఎందుకు అని అడగండి. పేరు చెబితే ఆగిపోకండి, "ఎందుకు" అన్నదే ముఖ్యం. భర్త పోయాక పచ్చడి పెట్టడం మానేసిన ఎదురింటావిడ, మేడ మీద అద్దెకున్న నర్సింగ్ అమ్మాయి, చేతులు వణకడం మొదలైన చాకలి ముసలమ్మ. ఇలాంటి నాలుగు కారణాలు రాస్తే "దయామయి" అన్న మాట పుస్తకంలో రాయక్కర్లేదు. అలాగే ఎసట్లో పోసే బియ్యం. ఇంట్లో మనుషులకు లెక్కగా పోశాక ఒక పిడికెడు ఎక్కువ పోసే అలవాటు చాలామంది పెద్దవాళ్ళకు ఉంది. ఆ పిడికెడూ పైన చెప్పిన పద్ధతిలో తూచండి. 50 గ్రాములో 60 గ్రాములో వస్తుంది. రోజుకి అంత చొప్పున ఏడాదికి ఎంతో మీరే లెక్కకట్టండి: 55 గ్రాములైతే 20 కిలోలు దాటుతుంది. ఆ బియ్యం ఎవరి పళ్ళెంలోకి వెళ్ళిందో అడిగి రాసుకోండి.

మాటలు రికార్డు చేయడానికి ఫోను చాలు, కానీ ఫ్యాను శత్రువు. తర్వాత విన్నప్పుడు సగం మాటలు గాలిహోరులో కలిసిపోతాయి. అలాగని బెజవాడ ఎండల్లో పెద్దావిడను ఫ్యాను ఆపి కూర్చోబెట్టడం తప్పు, ప్రమాదం కూడా. కార్తీకం నుంచి మాఘం దాకా పెట్టుకోండి, లేదా తెల్లవారి ఆరు నుంచి ఏడున్నర లోపు. చొక్కాకు తగిలించే చిన్న కాలర్ మైకు కొని చీర కుచ్చెళ్ళ దగ్గర కాకుండా భుజం దగ్గర, నోటికి జానెడు దూరంలో పెట్టండి. గొలుసు, పిన్నీసు దానికి తగలకూడదు. ఫోన్‌ను ఫ్లైట్ మోడ్‌లో పెట్టాలి, మధ్యలో కాల్ వస్తే రికార్డింగు ఆగిపోవచ్చు. వినికిడి తగ్గిన వాళ్ళయితే బాగా వినపడే చెవి వైపు కూర్చోండి. నలభై నిమిషాలు చాలు. అలిసిపోయాక చెప్పేవి పొడిపొడిగా వస్తాయి.

రికార్డింగు కుదించని వేవ్ ఫైలు అయితే మోనోలో గంటకు సుమారు 320 ఎంబీ, కుదించిన ఎం4ఎ ఫైలు అయితే 60 ఎంబీ లోపు. మాటకు ఎం4ఎ కూడా బాగానే ఉంటుంది. వాట్సాప్‌లో పంపాలంటే డాక్యుమెంట్‌గా పంపండి, ఫొటోలకు ఇది మరీ ముఖ్యం, మామూలుగా పంపితే కుదించేస్తుంది. ఫైలు పేరులో ముందు తేదీ, తర్వాత విషయం రాయండి. "అమ్మమ్మ కొత్తది 2" అని పెడితే ఆర్నెల్ల తర్వాత మీకే అర్థం కాదు. మూడు చోట్ల దాచండి, అందులో ఒకటి వేరే ఊళ్ళో ఉన్నవాళ్ళ దగ్గర.

ఏం అడగాలి? "నీ జీవితం గురించి చెప్పు అమ్మమ్మా" అంటే "నాదేముందిరా, అందరికీ ఉన్నట్టే" అని ఊరుకుంటుంది. వస్తువు అడగాలి. కాపురానికి వచ్చేటప్పటికి ఆ ఇంట్లో పొయ్యి ఏది, మంచినీళ్ళు ఎక్కడినుంచి మోసేవాళ్ళు, మొదటి కరెంటు బల్బు ఏ గదిలో పెట్టారు, అత్తగారు తాళం చెవులు ఎప్పుడు ఇచ్చారు. ఒక వస్తువు చేతిలో పెట్టి అడిగితే ఇంకా మంచిది. తేదీ తప్పు చెబితే దిద్దకండి, తర్వాత సరిచూసుకోవచ్చు. మాట ఆగిపోతే మీరు వెంటనే అందుకోకుండా మనసులో పది లెక్కపెట్టండి. అసలు సంగతి చాలాసార్లు ఆ పది అంకెల తర్వాతే వస్తుంది.

ఒక్క ప్రశ్న మాత్రం మాట మార్చి అడగాలి. "పిల్లలు ఎంతమంది" అంటే బతికున్నవాళ్ళనే చెబుతారు. "పురుళ్ళు ఎన్ని" అని అడగండి. ఆ తరం ఆడవాళ్ళలో చాలామంది పురిట్లోనో, ఏడాది నిండకుండానో బిడ్డలను పోగొట్టుకున్నవాళ్ళు. వాళ్ళ లెక్కలో ఆ బిడ్డలు ఉంటారు, ఇంట్లో ఇంకెవరి లెక్కలోనూ ఉండరు. పేరు పెట్టారా, ఏ ఊళ్ళో, మంత్రసానా ఆసుపత్రా, ఏ నెలలో. ఈ ప్రశ్న అడిగిన రోజు ఇంకేమీ అడగకండి. రికార్డర్ ఆపమంటే ఆపెయ్యండి. వంశవృక్షంలో ఆ బిడ్డకు ఒక గడి మాత్రం తప్పకుండా పెట్టండి, పేరు లేకపోయినా సరే. నా దృష్టిలో మొత్తం పుస్తకంలో దీనికి మించిన పేజీ లేదు.

తేదీల దగ్గర ఓపిక కావాలి. ఆధార్‌లో ఉన్న పుట్టినరోజును నమ్మకండి. ఆ వయసు వాళ్ళకు చాలావరకు ఎవరో అంచనాగా వేసింది, జనవరి ఒకటో జూలై ఒకటో ఉంటుంది. ఆవిడ మాటల్లో ఉండే గుర్తులే నమ్మదగ్గవి. "బెజవాడలో పాత ఆనకట్ట తెగిన ఏడు" అంటే 1952. "ఆంధ్రరాష్ట్రం వచ్చినప్పుడు" అంటే 1953 అక్టోబరు. "గుంటూర్లో హైకోర్టు ఉన్న రోజులు" అంటే 1954 నుంచి 1956. "కొత్త పైసలు వచ్చినప్పుడు" అంటే 1957 ఏప్రిల్. ప్రకాశం బ్యారేజీ పూర్తయిందీ ఆ ఏడే. "సాగర్ కాలవలకు నీళ్ళొదిలినప్పుడు" అంటే 1967. "దివిసీమ ఉప్పెన" 1977 నవంబరు 19. కృష్ణా పుష్కరాలు 1956, 1968, 1980, 1992, 2004, 2016. "పుష్కరాలకు చంకలో బిడ్డ" అంటే ఏ పుష్కరమో బిడ్డల వయసులతో తేల్చుకోవచ్చు.

జాతకచక్రం దొరికితే అందులో తెలుగు సంవత్సరం పేరు ఉంటుంది. ఇక్కడే ఒక ఏడాది తేడా వచ్చేస్తుంది. దుర్ముఖి అంటే 1956 అని రాసేస్తారు, కానీ తెలుగు ఏడాది ఉగాదికి మొదలవుతుంది కాబట్టి దుర్ముఖిలో పుష్య మాసం 1957 జనవరిలో పడింది. సంక్రాంతి దగ్గర పుట్టినవాళ్ళకు, మాఘమాసపు పెళ్ళిళ్ళకు ఇది తప్పకుండా చూసుకోవాలి. అరవై ఏళ్ళకు అదే పేరు మళ్ళీ వస్తుంది కూడా, 2016 ఉగాదికి వచ్చింది దుర్ముఖే.

తేదీలకు ఇంట్లోనే ఒక సాక్ష్యం ఉంటుంది, ఎవరూ చూడరు. అటక మీది ఇత్తడి బిందెలు, స్టీలు డబ్బాలు, కంచు గిన్నెలు. పెళ్ళికో, సీమంతానికో, గృహప్రవేశానికో ఇచ్చిన పాత్ర మీద చుక్కలు చుక్కలుగా పేర్లు కొట్టించేవాళ్ళు: ఎవరు ఎవరికి ఇచ్చారో, చాలాసార్లు తేదీతో సహా. అరిగిపోయి కనపడకపోతే చింతపండు పెట్టి తోమకండి, ఉన్న చుక్కలు ఇంకా అరుగుతాయి. పొడిగుడ్డతో తుడిచి, చిటికెడు మెత్తటి బియ్యప్పిండి వేలితో రుద్ది, పైపైన అరచేత్తో తుడిచేయండి. చుక్కల గుంటల్లో పిండి నిలబడి అక్షరాలు తెల్లగా లేస్తాయి. గది చీకటి చేసి, టార్చిని పాత్రకు పక్కవాటుగా, దాదాపు ఆనించి పట్టుకుని ఫొటో తీయండి. ఎదురుగా వెలుగు పడితే మెరుపు తప్ప ఏమీ రాదు. ఒక మూత మీద ఇంటిపేరులో మొదటి అక్షరం, "చి.సౌ.", ఒక పేరు, నాలుగు అంకెలు బయటపడ్డాయంటే పెళ్ళి సంవత్సరం తేలిపోయినట్టే. పాత్ర ఇచ్చిన మనిషి ఎవరని అమ్మమ్మను అడిగితే ఇంకో గంట రికార్డింగు దానంతట అదే వస్తుంది.

ఫొటోల సంగతి క్లుప్తంగా చెబుతాను. చిన్న ఫొటోలు 600 డీపీఐలో (స్కాన్ ఎంత వివరంగా రావాలో చెప్పే అంకె), కాగితాలు 300లో స్కాన్ చేయించండి. వెనకవైపు కూడా, స్టూడియో ముద్ర అక్కడే ఉంటుంది. ఫ్రేము అద్దానికి అతుక్కుపోయిన ఫొటోను లాగకండి, అద్దంతోనే స్కాన్ చేయించండి. జిగురు పేజీల ఆల్బమ్‌లో ఇరుక్కుంటే పళ్ళ మధ్య శుభ్రం చేసుకునే సన్నని దారాన్ని ఫొటో వెనకనుంచి రంపంలా మెల్లగా లాగితే ఊడి వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు ఎన్నో ఇళ్ళలో ఆల్బమ్‌లు మునిగాయి. తడిసిన ఫొటోలు ఒకదానికొకటి అంటుకుంటే ఆరనివ్వకండి, ఆరితే ఇక విడవు. చల్లటి శుభ్రమైన నీళ్ళలో వేసి, అవంతట అవే వదులయ్యేదాకా ఆగి, బొమ్మ పైకి ఉండేలా నీడలో ఆరబెట్టాలి. బొమ్మ వైపు వేలు తగలనివ్వద్దు. అన్నీ ఒకేసారి చేయలేకపోతే ప్లాస్టిక్ సంచిలో ఫ్రీజర్‌లో పెట్టి తర్వాత కొన్ని కొన్నిగా తీయవచ్చు.

ఇంట్లోవాళ్ళతో ఆపేస్తే పుస్తకం సగమే. పిల్లలకు తెలిసింది అమ్మ, మనవలకు తెలిసింది అమ్మమ్మ. ఆవిడ పరాయివాళ్ళతో ఎలా ఉండేదో చెప్పగలిగేది పాలు పోసే మనిషి, పని చేసి వెళ్ళే అమ్మాయి, వీధి చివర దర్జీ, పాత రిక్షా ఆయన. వాళ్ళను "మా అమ్మమ్మ మంచిదేనా" అని అడిగితే మర్యాదకు అవునంటారు. "మొదటిసారి మా ఇంటికి ఎప్పుడొచ్చారు, ఆ రోజు ఏం జరిగింది, ఏం పెట్టింది" అని అడగండి. జీతం ముందుగా ఇచ్చిందా, ఎంత, ఎందుకు, తిట్టిందా, ఎప్పుడు. తిట్టినవీ రాయండి. కోపం లేని మనిషిని చదివితే ఎవరూ నమ్మరు. అప్పుల పేర్లు, వైద్యం సంగతులు వస్తే అవతలివాళ్ళ అనుమతి లేకుండా అచ్చులో పెట్టకండి.

ఆవిడ ఇప్పటికే వెళ్ళిపోయి ఉంటే ఆలస్యం చేయకుండా ముందు గొంతు వెతకండి. ఆవిడ పంపిన వాట్సాప్ వాయిస్ మెసేజీలు సిమ్ ఆగిపోకముందే, ఫోను మార్చకముందే కాపీ తీసుకోవాలి. పెళ్ళి క్యాసెట్లలో వెనక నుంచి వినపడే ఆవిడ మాట కూడా దొరకవచ్చు. టేపుకు తెల్లగా బూజు పట్టి ఉంటే ఇంట్లో ప్లేయర్‌లో పెట్టకండి, టేపూ పోతుంది, ప్లేయరూ పాడవుతుంది. క్యాసెట్లు మార్చిచ్చే షాపులో ముందు శుభ్రం చేయమని చెప్పండి. పోయిన తేదీతో పాటు మాసం, పక్షం, తిథి రాసి పెట్టండి. తద్దినం తిథి ప్రకారమే.

రికార్డు చేసింది విని రాతలోకి ఎక్కించడానికి గంట మాటకు నాలుగైదు గంటలు పడుతుంది. ఫోన్‌లో మాట్లాడితే టైపయ్యే సౌకర్యం కొంత సాయపడుతుంది గానీ "అట్టా", "ఏందే", "కాడ" వచ్చినచోట దారి తప్పుతుంది. ఆ మాటలను మీరు కూడా దిద్దకండి. గుంటూరు పల్లె మాటను పుస్తకాల తెలుగులోకి మారిస్తే గొంతు పోతుంది.

అచ్చుకు డెమ్మీ సైజు బాగుంటుంది. పేజీలు 16 గుణకంలో ఉంచుకోండి: 48, 64, 80. లేకపోతే చివర ఖాళీ పేజీలకు కూడా డబ్బు పోతుంది. అచ్చుకు పేజీలు కూర్చే డీటీపీ వాళ్ళలో చాలామంది ఇంకా అను అనే పాత పద్ధతి ఫాంట్లలో చేస్తారు, మీరు ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో టైపు చేసి ఇచ్చేది యూనికోడ్. మార్పిడిలో ఒత్తులు ఎగిరిపోతాయి, అంకెలు, కొటేషన్లు మారిపోతాయి, ముఖ్యంగా పేర్లు చెడతాయి. అందుకని మార్చాక మళ్ళీ ప్రూఫు చూడాలి. ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు మూలం పట్టుకుని వినాలి. లోపలికి 70 లేదా 80 జీఎస్ఎం (కాగితం మందం చెప్పే అంకె) మ్యాప్‌లితో కాగితం, ఫొటోలకు నున్నటి ఆర్ట్ పేపరు. జిగురు బైండింగు ఎండలకు పగిలి కాగితాలు ఊడతాయి, కాస్త ఎక్కువైనా కుట్టు బైండింగు అడగండి.

ఆవకాయ జాడీల జాబితా మీ దగ్గర ఎలాగూ ఉంది. పుస్తకం ఎన్ని ప్రతులు వేయించాలో దాన్ని బట్టే తేల్చండి. బంధువులకు లెక్క వేశాక ఆ జాబితాలో పేరున్న ప్రతి ఇంటికీ ఒకటి, పాలు పోసే ఆయన ఇంటికి ఒకటి. చదువు రానివాళ్ళుంటే ఆవిడ గొంతు ఉన్న మెమరీ కార్డు కూడా ఇవ్వండి, ఫోన్‌లో వేసుకుని వింటారు.